డబ్బొస్తే గాలీ నీరూ వాటంతటవే బాగుపడతాయా?

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు హైదరాబాద్ శివార్లలోని మన పటాన్‌చెరు గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చి చేరే ఒక శుద్ధి కేంద్రం ఉంది. శుద్ధి అయిపోయి బయటికి వదిలిన నీళ్లనే వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మాత్రలు వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. రోజుకి సుమారు 45 కిలోల మందు ఆ నీళ్లలో కొట్టుకుపోతోందని లెక్క తేలింది. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అంత ఉంటుంది.

ఆ నీళ్లు అప్పట్లో ఇసుకవాగులోకి, అక్కణ్నుంచి నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి.

స్వీడన్ ధనిక దేశం. అక్కడి నదులు, చెరువులు శుభ్రంగా ఉంటాయి. అమెరికా, యూరప్ వెళ్లొచ్చిన మనవాళ్లు ముందుగా చెప్పేది కూడా అక్కడి గాలి గురించి, నీళ్ల గురించే. దానికి మనం చెప్పుకునే కారణం ఒకటే: "వాళ్ల దగ్గర డబ్బుంది కదా. మనం కూడా ముందు డెవలప్ అయితే తర్వాత అన్నీ శుభ్రం చేసుకోవచ్చు." ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగే సభల్లో, టీవీ చర్చల్లో, ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఈ మాట వింటూనే ఉంటాం. ఇదేదో నోటికొచ్చినట్టు అనే మాట అనుకోవడానికి లేదు. దీని వెనక ఒక ఆర్థిక సిద్ధాంతం, ముప్పై ఏళ్లకు పైబడిన వాదోపవాదాలు ఉన్నాయి.

బోర్లించిన గిన్నె

1955లో సైమన్ కుజ్‌నెట్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఆదాయాల్లో అసమానత గురించి ఒక ప్రతిపాదన చేశారు. దేశం వ్యవసాయం నుంచి పరిశ్రమల వైపు మళ్లే కాలంలో అసమానత పెరుగుతుందని, బాగా ఎదిగాక తగ్గుతుందని దాని సారాంశం. గ్రాఫ్ గీస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. పర్యావరణం గురించి ఆయన అందులో ఏమీ అనలేదు. ఆయన పేరును దీనికి తగిలించింది తర్వాతివాళ్లు.

1991 నాటికి అమెరికా, కెనడా, మెక్సికో కలిసి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు జరుపుతున్నాయి. ఫ్యాక్టరీలన్నీ మెక్సికోకి తరలిపోయి ఆ దేశం పాడైపోతుందని పర్యావరణ సంఘాలు ఆందోళన పడ్డాయి. అప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఉన్న జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ ఒక పని చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి అనేక దేశాల నగరాల్లో సేకరించిన గాలి కొలతలు తీసుకుని, ఆయా దేశాల తలసరి ఆదాయంతో పోల్చి చూశారు. పేద దేశాల్లో ఆదాయం పెరిగేకొద్దీ సల్ఫర్ డయాక్సైడ్, పొగ పెరుగుతున్నాయి. 1985 నాటి డాలర్లలో తలసరి ఆదాయం నాలుగైదు వేలు దాటాక తగ్గుతున్నాయి. మెక్సికో సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఉందని వాళ్లు రాశారు.

మళ్లీ అదే బోర్లించిన గిన్నె. 1992లో ప్రపంచ బ్యాంకు తన ప్రపంచ అభివృద్ధి నివేదికను పర్యావరణానికే కేటాయించి ఈ ఆలోచనను అన్ని దేశాలకూ చేర్చింది. 1993లో థియోడర్ పనాయొటౌ దీనికి 'పర్యావరణ కుజ్‌నెట్స్ రేఖ' అని పేరు పెట్టారు.

గిన్నె ఎందుకు వంగుతుందో చెప్పడానికి మూడు కారణాలు చూపిస్తారు. ఒక ఊళ్లో రైస్ మిల్లులు ఉన్నాయనుకుందాం. ఒక మిల్లు కాస్తా పదైతే పొగ పదింతలవుతుంది. ఇది పరిమాణం. కొన్నేళ్లకు ఆ ఊరు పెద్దదై ఆఫీసులు, ఆస్పత్రులు, షాపులు వస్తాయి. మిల్లుల వాటా తగ్గిపోతుంది. ఇది పొందిక. ఇక ఉన్న మిల్లులు కూడా చిమ్నీలకు ఫిల్టర్లు పెట్టుకుని తక్కువ పొగతో నడుస్తాయి. ఇది పద్ధతి. మొదటిది పొగను పెంచుతుంది, మిగతా రెండూ తగ్గిస్తాయి. ఆ రెండూ కలిసి మొదటిదాన్ని దాటిన రోజు గిన్నె వంగుతుంది.

వినడానికి సాఫీగా ఉంది. కానీ ఆ మిల్లు యజమాని ఫిల్టర్ తనంతట తానే పెట్టుకున్నాడా, ఎవరైనా పెట్టించారా? ఊళ్లోంచి తగ్గిపోయిన మిల్లులు అసలే లేకుండా పోయాయా, పక్క ఊరికి వెళ్లాయా? నా దృష్టిలో ఈ సిద్ధాంతం మీద జరిగిన చర్చ అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. గ్రాస్‌మన్, క్రూగర్‌లే 1995 నాటి వ్యాసంలో ఈ ప్రక్రియలో తప్పనిసరిగా, దానంతటదే జరిగేది ఏమీ లేదని, ఆదాయం పెరిగిన సమాజాలు గట్టి నియమాలు కోరుకోవడమే ముఖ్యమైన లింకు కావచ్చని స్పష్టంగా చెప్పారు. వాళ్ల గ్రాఫ్ ఊరూరా తిరిగింది. ఆ వాక్యాలు మాత్రం వ్యాసంలోనే మిగిలిపోయాయి.

గ్రాఫ్‌లోనే ఇంకో చిక్కుంది. పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటోలో తాత, తండ్రి, మనవడు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఆ ఫొటో చూసి "ఈ మనవడు నలభై ఏళ్లకు అచ్చం తండ్రిలా, ఎనభై ఏళ్లకు తాతలా ఉంటాడు" అనేస్తే ఎలా ఉంటుంది? తాతకు చిన్నప్పుడు టీకాలు లేవు, మనవడికి ఉన్నాయి. తాత పొలంలో పనిచేశాడు, మనవడు కుర్చీలో కూర్చుంటాడు. ఒకే కాలంలో పేద దేశాలు, మధ్యతరగతి దేశాలు, ధనిక దేశాలు ఎలా ఉన్నాయో చూసి, ఒక్కో దేశం కాలక్రమంలో ఆ దారినే నడుస్తుందని చెప్పడం కూడా అలాంటిదే. 2002లో హార్బా, లెవిన్‌సన్, విల్సన్ అనే ముగ్గురు పరిశోధకులు అదే గాలి కొలతలకు మరికొన్ని నగరాలు, మరికొన్ని సంవత్సరాలు కలిపి మళ్లీ లెక్కవేశారు. గిన్నె ఆకారం నిలబడలేదు. లెక్కలోకి తీసుకున్న దేశాలు, ఏళ్లు మారిస్తే ఆకారం కూడా మారిపోయింది.

అసలు 'పర్యావరణం' అని ఒకే వస్తువు ఉన్నట్టు మాట్లాడుకోవడమే సగం గందరగోళానికి కారణం. 1992 నాటి ప్రపంచ బ్యాంకు లెక్కల్లోనే మూడు వేర్వేరు దారులు కనిపిస్తాయి. మంచినీళ్లు, మరుగుదొడ్లు లేనివాళ్ల సంఖ్య ఆదాయం పెరిగేకొద్దీ మొదటి నుంచీ తగ్గుతూ వస్తుంది. నగరాల్లోని సల్ఫర్, పొగ పెరిగి తగ్గుతాయి. తలసరి కార్బన్ డయాక్సైడ్, మున్సిపాలిటీ చెత్త మాత్రం ఆదాయంతో పాటు పెరుగుతూనే పోతాయి.

తేడా ఎక్కడంటే, ఆ ఇబ్బంది ఎవరికి తగులుతోంది అన్నదాంట్లో. ఇంట్లో కట్టెల పొయ్యి పొగ వండే మనిషి కళ్లలోనే పడుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే గ్యాస్ కనెక్షన్ తీసుకుంటారు, సర్కారు సాయం చేస్తే ఇంకా ముందే తీసుకుంటారు. 1972లో స్టాక్‌హోమ్ సదస్సులో పేదరికం, అవసరం కంటే పెద్ద కాలుష్య కారకాలు ఏమున్నాయని ఇందిరా గాంధీ అడిగింది ఇలాంటి కాలుష్యం విషయంలో అక్షరాలా నిజం. పేదరికమే పర్యావరణాన్ని కాపాడుతుందని అనేవాళ్లు ఒక్కరోజు ఆ పొయ్యి ముందు కూర్చుంటే చాలు. ఫ్యాక్టరీ పొగ ఊరందరికీ తగులుతుంది. ఒక్కరు చేయగలిగింది లేదు, అందరూ కలిసి అడగాలి. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనపడదు, ముక్కుకు తగలదు, దాని నష్టం వేరే దేశంలో, వేరే తరంలో పడుతుంది. మనిషికి ఏడాదికి భారత్‌లో సుమారు రెండు టన్నులు, చైనాలో ఎనిమిది, అమెరికాలో పద్నాలుగు టన్నుల దాకా వెలువడుతోంది.

ఫిల్టర్ ఎవరు పెట్టించారు

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను బొగ్గు పొగ కమ్మేసింది. తొలి అంచనా ప్రకారం 4,000 మంది చనిపోయారు. తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్య 12,000 దాకా ఉండొచ్చని చెప్పాయి. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, లండన్ అప్పటికే నూరేళ్లకు పైగా ప్రపంచంలోని ధనిక నగరాల్లో ఒకటి. ఆ పొగమంచూ అంతకాలంగా ఉంది. డబ్బుకు మలుపు తిప్పే శక్తే ఉంటే అన్నేళ్లు పట్టకూడదు.

అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ మీదుగా పారే కయహోగా నది, 1969 జూన్ 22న అంటుకుంది. చమురు, చెత్త తేలుతున్న నీళ్ల మీద నిప్పు లేచింది. అదే మొదటిసారి కూడా కాదు, అంతకుముందు చాలాసార్లు కాలింది. ఈసారి మాత్రం జనం వదల్లేదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 22న మొదటి ధరిత్రీ దినోత్సవానికి దాదాపు రెండు కోట్ల మంది రోడ్ల మీదికి వచ్చారు. అదే ఏడాది చివర్లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది, గట్టి గాలి చట్టం వచ్చింది. 1972లో నీటి చట్టం వచ్చింది. ఆ సంస్థ లెక్కల ప్రకారం 1970 నుంచి 2020 వరకు ఆరు ప్రధాన వాయు కాలుష్యాలు కలిపి 78 శాతం తగ్గాయి, అదే కాలంలో దేశ ఆర్థిక వ్యవస్థ 272 శాతం పెరిగింది. ఇవాళ మన పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పీల్చే గాలి అలా వచ్చింది.

చైనా సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే అది మన కళ్ల ముందే జరిగింది. బీజింగ్‌లోని అమెరికా ఎంబసీ 2008 నుంచి తన పైకప్పు మీద ఒక గాలి కొలిచే యంత్రం పెట్టి రీడింగులు బయటపెట్టడం మొదలుపెట్టింది. ప్రభుత్వం 'తేలికపాటి కాలుష్యం' అన్న రోజున ఆ యంత్రం ప్రమాదకరం అని చెప్పేది. జనం పోల్చి చూసుకున్నారు. 2012 జనవరి నుంచి బీజింగ్ నగరమే పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోపలికి వెళ్లే అతి సన్నటి ధూళి) లెక్కలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2013 జనవరి 12న ఎంబసీ యంత్రం మీద గాలి నాణ్యత సూచీ 755 చూపించింది, ఆ సూచీకి గరిష్ఠంగా పెట్టుకున్న హద్దు 500. ఆ సెప్టెంబరులో జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2014 మార్చిలో ప్రధాని లీ కెచియాంగ్ 'కాలుష్యం మీద యుద్ధం' ప్రకటన వచ్చాయి. బాయిలర్లు మూతపడ్డాయి, ఇళ్లలో బొగ్గు నిషేధించారు, అధికారుల ప్రమోషన్లను గాలి లెక్కలతో ముడిపెట్టారు. బీజింగ్‌లో ఏడాది సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకి 2013లో 89.5 మైక్రోగ్రాములు ఉంటే 2021కి 33కి దిగింది. దీనికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. 2017 చలికాలంలో హెబెయ్ ప్రావిన్సులో బొగ్గు పొయ్యిలు తీసేసి, వాటి బదులు రావాల్సిన గ్యాస్ రాక, పిల్లలు చలికి బడి బయట ఎండలో కూర్చుని చదువుకున్నారు.

ఇన్ని చేసిన ఆ దేశంలోనే, ఆ ఏళ్లలోనే, కార్బన్ డయాక్సైడ్ మాత్రం మొత్తమ్మీద పెరిగింది. దేశం అదే, ఆదాయమూ అదే. జనం దగ్గిన పొగ మీద యుద్ధం జరిగింది, కంటికి కనపడని వాయువు మీద జరగలేదు. ఆదాయమే అన్నీ నడిపిస్తుందని చెప్పే గ్రాఫ్ ఈ ఒక్క ఉదాహరణకైనా సమాధానం చెప్పాలి.

దీన్ని లెక్కలతో తేల్చినవాళ్లు కూడా ఉన్నారు. 1990 నుంచి 2008 వరకు అమెరికా ఫ్యాక్టరీల వాయు కాలుష్యం 60 శాతం తగ్గింది, ఉత్పత్తి మాత్రం బాగా పెరిగింది. కారణం ఏమిటని జోసెఫ్ షాపిరో, రీడ్ వాకర్ 2018లో ఒక పరిశోధన చేశారు. మురికి పరిశ్రమలు విదేశాలకు పోవడం కారణమా, యంత్రాలు మెరుగుపడటమా, నియమాలా అని విడదీసి చూస్తే, పెద్ద వాటా నియమాలదే అని తేలింది. ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. "ధనిక దేశాలు తమ మురికిని మన మీద తోసేసి శుభ్రపడ్డాయి" అని మనలో చాలామంది అనుకుంటాం. అమెరికా ఫ్యాక్టరీల గాలి విషయంలో అది చాలావరకు నిజం కాదు.

మరి పటాన్‌చెరు సంగతి?

కానీ కొన్ని సరుకుల విషయంలో మురికి మన మీద పడుతోందన్న మాట నిజమే, మందులు వాటిలో ఒకటి. హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది ఐడీపీఎల్ అనే ప్రభుత్వ సంస్థ. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. వేల ఉద్యోగాలొచ్చాయి, ప్రపంచానికి చవక మందులు అందాయి, ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. అది చిన్న విషయం కాదు. కానీ మాత్రగా మార్చడానికి ముందు ముడి మందు తయారు చేసే దశలో ద్రావకాలు, ఉప్పులు, మందు అవశేషాలు కలిసిన నీళ్లు మిగులుతాయి. మాత్ర ఎగుమతి అవుతుంది, నీళ్లు ఇక్కడే ఉంటాయి. ఆ నీళ్లను సరిగ్గా శుద్ధి చేయడానికయ్యే ఖర్చు మాత్ర ధరలో లేదు. నక్కవాగు పక్కన బావుల కింద సాగు చేసుకునే రైతు ఆ ఖర్చు భరించాడు.

రైతులు, స్థానిక డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు పోరాడారు. సుప్రీంకోర్టులో కేసు నడిచింది, నష్టపరిహారం ఆదేశాలొచ్చాయి, ఆఖరికి 2017లో హరిత ట్రిబ్యునల్ దగ్గర ముగిసింది. ఈలోగా పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లను నక్కవాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి అంబర్‌పేట మురుగునీటి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కణ్నుంచి మూసీలోకి. నక్కవాగు దిగువ ఊళ్లకు కొంత ఊపిరి ఆడి ఉంటుంది. మూసీ దిగువన వరి, గడ్డి పండించేవాళ్లకు ఆ పైపు చివర ఏమొచ్చిందో అడిగినవాళ్లు తక్కువ. దేశాల మధ్య జరుగుతోందని మనం ఆరోపించే పనే ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మనమే చేశాం. ఈ చర్చ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అడవుల్లోనూ ఇలాంటి కథలున్నాయి. వియత్నాం 1990ల నుంచి తన అడవుల విస్తీర్ణం పెంచుకుంది. కానీ ఆ కాలంలో దాని కలప పరిశ్రమకు సరుకు లావోస్, కంబోడియా లాంటి పొరుగు దేశాల అడవుల నుంచి కూడా వచ్చింది. కార్బన్ విషయంలో బ్రిటన్ 1990 నుంచి 2022 లోపు తన గడ్డ మీద వెలువడే ఉద్గారాలను సగానికి తగ్గించింది, ఆర్థిక వ్యవస్థ దాదాపు 80 శాతం పెరిగింది. కానీ బ్రిటన్ వాళ్లు వాడే ఫోన్, బట్టలు, ఉక్కు తయారైనప్పుడు వచ్చిన పొగ చైనా ఖాతాలోనో మన ఖాతాలోనో పడుతుంది. ఆ దిగుమతుల పొగ కలిపి లెక్కవేసినా కనీసం 18 దేశాల్లో పదేళ్లకు పైగా కార్బన్ తగ్గుతోందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం 2022లో చెప్పింది. అంటే సాధ్యమే. అయితే కావలసిన వేగానికి ఆ తగ్గుదల చాలదు.

ఇక "తర్వాత శుభ్రం చేసుకోవచ్చు" అన్న మాటలోని ఆ 'తర్వాత' గురించి. గాలి క్షమిస్తుంది. పొగ ఆపితే కొద్ది రోజుల్లో ఆకాశం తేటపడుతుంది. నేల, భూగర్భజలం, మనిషి నరాలు అలా క్షమించవు. జపాన్‌లో మినమాట అఖాతంలోకి చిస్సో కంపెనీ వదిలిన పాదరసం చేపల ద్వారా జనంలోకి వెళ్లింది. ఆ జబ్బును 1956లో అధికారికంగా గుర్తించారు, ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. జపాన్ ఏటా పది శాతం దాకా ఎదుగుతున్న రోజులవి. తర్వాత ఆ దేశానికి డబ్బొచ్చింది. అఖాతం అడుగు బురద తవ్వి తీశారు, కలుషితమైన చేపలు బయటికి పోకుండా కట్టిన వలను 1997లో తొలగించారు. తల్లి కడుపులోనే పాదరసం సోకి పుట్టిన పిల్లలకు మాత్రం ఆ డబ్బు ఏమీ చేయలేకపోయింది.

మన దేశం ఇప్పుడు ఈ గిన్నెలో ఎక్కడుంది? గిన్నె సిద్ధాంతం నమ్మేవాళ్లు ఢిల్లీని చూడాలి. అక్కడ తలసరి ఆదాయం దేశ సగటుకు రెండింతల పైనే, గాలి మాత్రం దేశంలోకెల్లా అధ్వానమైనవాటిలో ఒకటి. సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో 2017లో వచ్చిన ఉపగ్రహ పరిశోధన ప్రకారం, 2007 తర్వాత చైనా 75 శాతం తగ్గించుకుంటే మనది 50 శాతం పెరిగింది. మన థర్మల్ కేంద్రాలకు 2015 డిసెంబరులోనే సల్ఫర్ పరిమితులు పెట్టారు, రెండేళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు మళ్లీ మళ్లీ పొడిగించి, 2025 జులైలో దాదాపు 78 శాతం కేంద్రాలకు సల్ఫర్ తొలగించే యంత్రం అక్కర్లేదన్నారు. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, ఖర్చు ఎక్కువ అన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ గిన్నె వంగే చోటుకి ఆదాయం ఒక్కటే తీసుకెళ్లదని ఈ పదేళ్ల పొడిగింపులే చెబుతున్నాయి.

ఆదాయం రాకముందే వంచిన సందర్భాలూ మనకున్నాయి. పెట్రోల్‌లో సీసం కలపడాన్ని అమెరికా పూర్తిగా ఆపింది 1996లో. మనం 2000లో ఆపాం, అప్పటి మన ఆదాయం అమెరికా ఆదాయంలో ఏ మూలకూ రాదు. వాహనాల పొగకు పెట్టిన ప్రమాణాల్లో బీఎస్-4 నుంచి బీఎస్-5 వదిలేసి నేరుగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6కి దూకాం. కోస్టారికా అయితే పెట్రోల్ మీద పన్నులో కొంత భాగం తీసి, చెట్లు నరకకుండా ఉంచుకున్న రైతులకు 1990ల చివరి నుంచి ఇస్తూ, ఒకప్పుడు బాగా తరిగిపోయిన అడవిని మళ్లీ దేశ విస్తీర్ణంలో సగానికి తెచ్చుకుంది. ఆ పని మొదలుపెట్టినప్పుడు అది ధనిక దేశం కాదు.

పటాన్‌చెరు నీళ్లకు కూడా అలాంటి అవకాశం ఒకటి వచ్చింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. మందుల ఫ్యాక్టరీలు బయటికి వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంత వరకు ఉండొచ్చో, 121 మందులకు విడివిడిగా అంకెలు రాసింది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటికి అలాంటి పరిమితులు చట్టంలోకి వస్తే ప్రపంచంలోనే ముందు మనమే ఉండేవాళ్లం. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ అంకెలు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద తన మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. మన ముసాయిదాలోని ఆ 121 పేర్ల పట్టికను మళ్లీ తెమ్మని అడగడానికి తలసరి ఆదాయం ఇంకా ఎంత పెరగాలో ఏ గ్రాఫ్‌లోనూ రాసిలేదు.